ఇనారి: నాలుగు భాషల ఉత్తర సీమ

చెన్నపట్టణమున సుప్రీము కోర్టులో దుబాషీగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830–31 సంవత్సరములలో కాశికేగి వచ్చి తమ యాత్రను తెలుగున వ్రాసియుంచిరి. ఆ గ్రంథమున క్షేత్రముల మహిమతో పాటు ఏ మజిలీ ఎంత దూరము, ఎచ్చట మంచినీరు దొరకును, ఏ యూర అంగళ్లు కలవు, దారి ఇసుకయా రేగడయా అను సంగతులును చెప్పబడినవి. తమ వెనుక వచ్చువాడు ఇక్కట్టు పడరాదను తలంపే అట్టి వ్రాతకు మూలము. యాత్రను వర్ణించు ప్రతివానికిని అది మంచి ఒరవడి.

అంతటివారితో సరితూగుదుమను భ్రమ మాకు లేదు. ఐనను మన సంఘములవారి పిల్లలు ఇప్పుడు కాశికంటె నెంతయో దూరపు దేశములకు కాపురములకు పోవుచున్నారు. అందుచే, మేము రెండు పర్యాయములు చూచి వచ్చిన ఒక మారుమూల సీమనుగూర్చి, అచ్చటికి చుట్టపు చూపుగా పోవువారికిని, బ్రతుకుతెరువునకై పోయి నిలువబోవువారికిని ఉపకరించునట్లు నాలుగు మాటలు చెప్పదలచితిమి. ఆ సీమ పేరు ఇనారి. ఫిన్లాండు దేశమున ఉత్తరపు కొసనున్న లాప్లాండు ప్రాంతములోనిది. మాది హోసూరు. మా అల్లుడు ఇనారిలో మంచు నేలమీద మోటారుబండ్ల టైర్లను పరీక్షించు పనిలో నున్నాడు. ఆ కారణమున మేము దంపతులము ఒక శీతకాలమున కొన్ని వారములు, మరియొక వేసవిలో కొన్ని వారములు అచ్చట గడపితిమి.

ఫిన్లాండులో స్థానిక పరిపాలనకు ఆధారమైన విభాగమును 'కున్త' అందురు. మన పంచాయతీకిని పురపాలక సంఘమునకును నడిమిదని చెప్పుకొనవచ్చును గాని దాని అధికారము వానికంటె పెద్దది. నాలుగేండ్ల కొకమారు ప్రజలెన్నుకొను సభ దానిని నడుపును. ఆదాయముపై పన్ను వేయుటకును, పాఠశాలలను నడుపుటకును దానికి హక్కు కలదు. ఇట్టి కున్తలలో వైశాల్యమున మొదటిది ఇనారి. నీటితో కూడ లెక్కించినచో సుమారు 17,300 చదరపు కిలోమీటర్లు. అనగా గోవా రాష్ట్రము వంటివి నాలుగు అందులో ఇముడును. ఇంకను చోటు మిగులును. అంత సీమకు జనసంఖ్య 7,000 ప్రాంతము మాత్రమే. కొలది చదరపు కిలోమీటర్ల యానాములో 2011 జనాభా లెక్కల ప్రకారము 55 వేలకు పైగా జనముండిరి. ఇనారిలోనన్ననో తలకు రెండు చదరపు కిలోమీటర్ల నేల వచ్చును.

క్రొత్తగా పోవువారు మొదట తెలిసికొనవలసిన దేమనగా, ఇనారి అనునది కున్త పేరును, అందలి ఒక పల్లె పేరును గూడ. కున్త కార్యాలయము, ఆరోగ్య కేంద్రము, పెద్ద అంగళ్లు ఉన్నది ఇనారి పల్లెలో కాదు; దానికి దక్షిణముగా సుమారు 40 కిలోమీటర్లలో నున్న ఇవాలో అను ఊరిలో. విమానాశ్రయమును ఇవాలోకు చేరువనే కలదు. ఫిన్లాండులో అన్నిటికంటె ఉత్తరమున నున్న విమానాశ్రయ మదియే. రాజధాని హెల్సింకినుండి విమానమున గంటన్నర ప్రయాణము. రైలు ఇచ్చటికి రాదు. రైలున రొవానియెమి వరకు వచ్చి, అచ్చటినుండి బస్సులో సుమారు 290 కిలోమీటర్లు ఉత్తరముగా పోవలెను. రొవానియెమి ఉత్తర ధ్రువ వృత్తముమీద నున్న పట్టణము. పెద్ద ఆసుపత్రియు అచ్చటనే కలదు. కనుక దీర్ఘవ్యాధులు కలవారు ఈ దూరమును మనసున నుంచుకొని పయనము కావలెను. ఏ ఆపద వచ్చినను పిలువవలసిన అంకె 112.

ఈ సీమకు నడుమ గుండెవలె నున్నది ఇనారి సరస్సు. ఫిన్లాండులోని సరస్సులలో మూడవది. వైశాల్యమున ఒడిశాలోని చిలికా సరస్సునకు ఇంచుమించు సాటి రాగలదు. కాని చిలికా ఉప్పునీటి సరస్సు, లోతు తక్కువది. ఇది మంచినీటిది, 90 మీటర్లకు పైబడిన లోతు గలది. ఇందు 3,000కు మించిన దీవులున్నవి. నవంబరునుండి ఇంచుమించు జూన్ వరకు ఈ సరస్సు గడ్డకట్టియుండును. అంతటి జలాశయము రాతిచట్టువలె బిగిసి, దానిమీద బండ్లు పోవుట చూచినప్పుడు, కావేరి, పాలారు ఎండినప్పుడు నడుమ నడచిపోయిన మనవంటివారికి నీటియొక్క మరియొక రూపము తెలియవచ్చును. ఈ సరస్సునీరు పాత్స్‌యోకి యను నదిగా బయలుదేరి రష్యా, నార్వే దేశముల మీదుగా పోయి బారెంట్సు సముద్రమున కలియును. ఆ నదిపై విద్యుత్ కేంద్రములు కట్టబడినందున సరస్సు మట్టము మూడు దేశముల ఒప్పందమునకు లోబడియున్నది.

దీవులలో ఉకొన్‌కివి యనునది పూర్వము సామీ జనులకు పవిత్ర స్థలము. వేటయందును చేపల పట్టుబడియందును మేలు కలుగుటకై అచ్చట కానుక లర్పించెడివారు. యాత్రికుల పడవలు వేసవిలో దాని చెంతకు పోవును. మన కొండదేవరల గుడులకు పోవునప్పుడు ఎట్టి అణకువ చూపుదుమో అచ్చటను అట్టి అణకువయే తగును. వేడుక స్థలముగా నెంచి కేకలు వేయుట ఆ జనుల మనసు నొప్పించును.

ఋతువులనుగూర్చి చెప్పవలెను. డిసెంబరు మొదటి వారమునుండి జనవరి రెండవ వారము మొదలువరకు ఇచ్చట సూర్యుడు ఉదయింపడు. ఆ కాలమును ఫిన్నులు 'కామొస్' అందురు. అది కాటుక చీకటి యని అనుకొనరాదు. మధ్యాహ్నమున రెండు మూడు గంటల సేపు ఆకసము నీలిరంగు తేరి, మంచు దానిని ప్రతిఫలింపగా, తెల్లవారుజామువంటి వెలుగు కలుగును. మేము డిసెంబరు కడపట చేరితిమి. భోగినాటికి మొన్నమొన్ననే మరలి వచ్చిన సూర్యబింబమును చెట్లకొనల నడుమ కొలది నిమిషములు చూచితిమి. మకర సంక్రమణమును పంచాంగములో చదువుట వేరు, నెలదినములు సూర్యుని యెరుగని ఊరిలో ఆతని రాకకై వీధిన నిలిచి చూచుట వేరు. ఉత్తరాయణము పుణ్యకాలమని పెద్దలు చెప్పిన మాట మా కానాడు కంటికి కనబడినది.

చలి సున్నకు 30 డిగ్రీలు దిగువకు పోవుట అరుదు కాదు. ఒంటికి అంటి ఉన్నివస్త్రము, దానిపై మరియొక ఉన్నిపొర, వెలుపల గాలి చొరని అంగీ ధరించవలెను. నూలుబట్ట చెమటను పీల్చి చల్లబడును గనుక లోపల దానిని తొడుగరాదు. కాలిజోడు ఒక కొలత పెద్దదిగా కొనవలెను. బండ్లను రాత్రులందు ఇంటి ముంగిట విద్యుత్తు త్రాటితో కొయ్యకు తగిలించి యంత్రమును వెచ్చబరచుదురు. సాయంకాలమున పశువులను గుంజలకు కట్టినట్లే తోచును. రాత్రులందు ఆకసమున ఆడు పచ్చని కాంతులను ఫిన్నులు 'నక్క మంటలు' అను అర్థము వచ్చు పేరుతో పిలుతురు. వానిని చూడనెంచువారు సెప్టెంబరునుండి మార్చివరకు, మబ్బు లేని రాత్రులందు పోవలెను.

వేసవిలో దీనికి విపర్యాసము. మే కడపటి భాగమునుండి జూలై కడపటి భాగమువరకు సూర్యుడు అస్తమింపడు. నడిరేయి రెండు గంటలకు పిల్లలు సైకిళ్లు త్రొక్కుచుండుట చూచితిమి. మనవంటివారు నల్లని తెరలు లేనిదే నిద్రింపలేరు. అప్పటి దోమలను గూర్చి ముందుగా హెచ్చరించుట ధర్మము. కూవమునది యొడ్డున పెరిగినవారు సయితము వానికి జంకుదురు. ఫిన్నులు నాలుగు ఋతువు లెంచుదురు. సామీలు తమ దుప్పుల జీవనము ననుసరించి ఎనిమిది ఋతువులను లెక్కింతురు.

ఈ సీమ ఇండ్లన్నియు క్రొత్తవిగా కనబడుటకు ఒక విషాద కారణము కలదు. రెండవ ప్రపంచ యుద్ధమున మొదట ఫిన్లాండుతో కలిసి పోరాడిన జర్మను సేనలు, 1944లో ఫిన్లాండు సోవియట్ దేశముతో యుద్ధవిరామ మొనర్చుకొన్న పిమ్మట ఉత్తరముగా వెనుదిరిగి పోవుచు, లాప్లాండులోని ఊళ్లను, వంతెనలను కాల్చివేసినవి. ఇవాలో ఇంచుమించు పూర్తిగా భస్మమైనది. జనులు ముందే దక్షిణమునకు తరలింపబడిరి. తిరిగివచ్చి చూచునప్పటికి వారికి మిగిలినవి పొగగొట్టములు. ఆనాటి మంటలను తప్పించుకొన్న వానిలో పియెల్పయార్వి యను చిన్న సరస్సు చెంత 1760లో ముగించిన కొయ్య దేవాలయ మొకటి. దానికి నేటికిని బండి బాట లేదు. ఇనారి పల్లెనుండి అడవిలో సుమారు ఐదు కిలోమీటర్లు నడచి పోవలెను. వేసవిలో మే మట్లే పోతిమి. రంగులు వెలసిన ఆ కొయ్యగోడల నడుమ కూర్చుండినప్పుడు, దూరము దానిని కాపాడినదని తోచినది.

ఇక జనులనుగూర్చి. ఇనారి ఫిన్లాండులో నాలుగు అధికార భాషలు గల ఏకైక కున్త. ఫిన్నిషు ఒకటి, తక్కిన మూడును సామీ భాషలు: ఉత్తర సామీ, ఇనారి సామీ, స్కోల్టు సామీ. ఇవి ఒకే భాషకు మాండలికములు కావు. మన తెలుగు, కన్నడము, తమిళమువలె చుట్టరికము గల వేర్వేరు భాషలు. ఊరి పేరు ఫిన్నిషులో ఇనారి, ఉత్తర సామీలో అనార్, ఇనారి సామీలో ఆనార్, స్కోల్టులో ఆనర్. బజారులో తమిళము, కన్నడము, ఇంట తెలుగు వినబడు హోసూరునుండి పోయిన మాకు ఈ సంగతి సహజముగా తోచినది. కాని వారి లెక్కలు విన్నప్పుడు గుండె జల్లుమన్నది. ఇనారి సామీ మాటలాడువారు లోకమంతట మూడు నాలుగు వందలు. వారును ఈ సరస్సు చుట్టుననే కలరు. ఫిన్లాండులో స్కోల్టు మాటలాడువారు మూడు వందల ప్రాంతము.

స్కోల్టుల కథ వలసదారులమైన మన మాలకింపదగినది. వారి పూర్వ నివాసము తూర్పున పెత్సమొ ప్రాంతము. 1944లో ఆ ప్రాంతము సోవియట్ దేశపరము కాగా, వారు ఫిన్లాండుననే ఉండ నెంచి తమ చేపల వేట నీళ్లను, దుప్పుల మేత నేలలను విడిచి వచ్చిరి. అందొక సమూహము 1949లో సెవెత్తియార్వి యను సరస్సు తీరమున స్థిరపరుపబడినది. వారు ప్రాచ్య క్రైస్తవ శాఖవారు. తక్కిన సామీలు లూథరను శాఖవారు. రష్యా చక్రవర్తులు 17, 18 శతాబ్దులలో తమ జలములమీదను నేలలమీదను తమకు గల హక్కులను ధ్రువపరచుచు ఇచ్చిన పత్రములను ఈ గ్రామమువారు తరతరములుగా దాచుకొనిరి. 2015లో యునెస్కో ఆ పత్రములను ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చినది. మన ఇండ్లలోను తాతల తామ్రశాసనములు, తాటాకు కట్టలు అటకలమీద కలవు. వానికి ఎవరు కాపు?

ఇనారి సామీ భాషలో మొదటి పుస్తకము 1859లో వెలువడినది. అట్టి భాష ఇరువదవ శతాబ్దిలో ఒక్కటి రెండు తరములలో నశించుటకు సిద్ధమైనది. యుద్ధమునకు పిమ్మట దూరపు పల్లెల బిడ్డలు బడికై వసతి గృహములకు పంపబడిరి. అచ్చట పాఠమును, మాటయు ఫిన్నిషులోనే. సెలవులకు ఇంటికి వచ్చిన బిడ్డకు తల్లి మాట పరాయిదిగా తోచెను. వారు పెరిగి తలిదండ్రులైనప్పుడు, తాము పడిన అవమానము తమ బిడ్డలు పడరాదని ఇంటను ఫిన్నిషునే వాడిరి. ఇట్లు పసినోటికి, ముదుసలి నోటికి నడుమ నున్న తరము మూగవోయినది. 1990 దశకము నడుమ నాటికి ఇనారి సామీని మాటలాడు పిల్లలు వ్రేళ్లపై లెక్కింప దగినంతమంది.

అప్పుడు ఈ కొలదిమంది చేసిన పనియే మమ్ము ఈ వ్యాసము వ్రాయ పురికొల్పినది. 1986లో వారు తమ భాషకై ఒక సంఘమును స్థాపించుకొనిరి. మన సంఘములవంటిదే, సభలు, పత్రిక, పుస్తకములు. ఆ సంఘమే 1997లో ఇనారి పల్లెలో 'భాషా గూడు' నొకదానిని తెరచినది. న్యూజీలాండులోని మావోరీలు 1982లో మొదలిడిన పద్ధతి దీనికి ఆదర్శము. మూడు నాలుగేండ్ల బిడ్డలు పగలెల్ల అచ్చట నుందురు. పెద్దలు వారితో ఆ భాష తప్ప వేరొకటి పలుకరు. అన్నము పెట్టుట, జోడు తొడుగుట, జగడము తీర్చుట అన్నియు దానిలోనే. బిడ్డ ఫిన్నిషులో బదులు చెప్పినను కోపింపరు; తర్జుమాయు చేయరు. కొలది నెలలలో బిడ్డ అనుకొనకుండనే మాట మారును. అటుపై పాఠశాలలో ఆ భాషలోనే చదువు కొనసాగును.

పిల్లలు మాత్రమే నేర్చిన చాలదని గ్రహించి, 2009–10లో 17 మంది పెద్దవారికి ఒక సంవత్సరము పొడవున ఆ భాష నేర్పిరి. ఉపాధ్యాయులు, శిశుపోషకులు, పత్రికలవారు మొదలగు పనులకు పోవువారే అందు చేరిరి. వారు చదివినది తరగతిలో మాత్రమే కాదు. ముదుసలుల ఇండ్లకు పోయి, వారితో వలలు అల్లుచు, చేపలు శుభ్రపరచుచు మాట నేర్చిరి. మూగవోయిన నడిమి తరమునకు ఇట్లు తిరిగి నోరు వచ్చినది. అటు పిమ్మట ఆ భాషలో పాటలు, వార్తలు, బాలల పుస్తకములు పెరిగినవి. దానిలో ర్యాపు పాటలు పాడిన యువకుడు కూడ కలడు.

మేము ఇనారి పల్లెలో ఒక వృద్ధురాలితో మాటలాడితిమి. మా అమ్మాయి నడుమ దుబాషీ యైనది. ఆమె తన బిడ్డలతో ఏనాడును తన భాష మాటలాడలేదట. ఇప్పుడు మనుమరాలితో మాటలాడుచున్నదట. ఇంత చెప్పి, మీ మనుమరాలితో మీరు ఏ భాష మాటలాడుదు రని మమ్ము అడిగినది. మా మనుమరాలికి నాలుగేండ్లు. ఇవాలోలోని శిశుశాలలో ఫిన్నిషు పలుకును, బొమ్మలతోను ఫిన్నిషే. 'అవ్వా' అని పిలుచును గాని, పిలిచిన పిదప చెప్పవలసినది ఫిన్నిషులో వచ్చును. దాని తల్లికి తెలుగు మాట వచ్చును, అక్షరము రాదు. హోసూరులో తమిళమున చదివినది. ఆ వృద్ధురాలికి మేము తెలుగని బదులు చెప్పితిమి. ఆమె తల యూచి, మాటలాడుచునే యుండుడనియు, బదులు ఏ భాషలో వచ్చినను మానవలదనియు చెప్పినది.

అతిథులుగా పోవువారు తప్పక చూడవలసినవి రెండు మందిరములు ఇనారి పల్లెలో నున్నవి. ఒకటి సీడా యను సామీ వస్తుప్రదర్శనశాల. హెల్సింకిలోని జాతీయ ప్రదర్శనశాల 2021లో తన యొద్ద నుండిన 2,200కు పైబడిన సామీ వస్తువులను దీనికి మరల నిచ్చివేసినది. 2024లో ఇది ఐరోపా సంవత్సరపు ఉత్తమ ప్రదర్శనశాలగా బహుమాన మందినది. రెండవది 2012లో తెరువబడిన సాయొస్ భవనము. 1996నుండి పనిచేయుచున్న సామీ ప్రతినిధి సభకు అది నిలయము. శీతకాలమున పోవువారు జనవరిలో జరుగు ఆదివాసుల చలనచిత్రోత్సవమును గాని, వసంతారంభమున గడ్డకట్టిన సరస్సుపై జరుగు దుప్పుల పందెములను గాని చూడవచ్చును. నడక ప్రియులకు 1956లో ఏర్పడిన లెమ్మెన్‌యోకి జాతీయ వనము కలదు. ఆ నదీతీరమున 1945నుండి బంగారమును జల్లించువారును కలరు.

కొన్ని మర్యాదలు చెప్పవలెను. ఒక సామీ గృహస్థును మీకెన్ని దుప్పులున్నవని అడుగరాదు. మన యూర ఒకనిని నీకు బ్యాంకులో ఎంత సొమ్మున్నదని అడుగుటతో సమానము. అడవిలో ఒంటరిగా తిరుగు దుప్పి యడవి మృగము కాదు. దాని చెవి కోత యే యజమాని గుర్తు. దారిలో అడ్డువచ్చిన బండి నిలుపవలెను, అవి తొందరపడవు. సామీ ఉడుపు వారి కులమును, ఊరిని తెలుపు గౌరవ చిహ్నము. దాని నకలును కొని వేషముగా తొడుగుకొనుట వారికి మనస్తాపకరము. ఫిన్లాండులో ఎవరి అడవియందైనను నడచుటకు, పండ్లు, పుట్టగొడుగులు ఏరుకొనుటకు, ఒక రాత్రి గుడారము వేసికొనుటకు అందరికిని హక్కు కలదు. కాని ఇంటి ముంగిలి చేర రాదు. నేల యజమాని అనుమతి లేక నిప్పు రాజేయరాదు, చెట్టు కొట్టరాదు, దుప్పుల మేతయైన రాతిపాచిని పెకలింపరాదు. ఇంటిలోనికి పోవునప్పుడు పాదరక్షలు గడపయొద్దనే విడువవలెను. ఈ యొక్క ఆచారమున వారును మనమును ఒకటే.

శాకాహారులకు ఆరంభమున ఇబ్బంది కలదు. చేపయు, దుప్పి మాంసమును అచ్చటి ముఖ్యాహారము. ఐనను బంగాళదుంపలు, రై రొట్టె, కాల్చిన జున్ను, అడవి పండ్ల మురబ్బా దొరకును. క్రిస్మసు నాళ్లలో పాలలో ఉడికించిన బియ్యమును దాల్చిన చెక్క పొడి చల్లి పెట్టుదురు. బెల్లము లేని పరమాన్నమే యది. సౌనా యను ఆవిరి స్నానమునకు పిలుపు వచ్చినచో ఆత్మీయత చూపిరని తెలియవలెను. ఫిన్నులు మితభాషులు. వారి మౌనము కోపము కాదు, గర్వమును కాదు. పొరుగువాడు పలుకరింపకున్నను, తెల్లవారులు కురిసిన మంచును తన వాకిట తీయుచు మీ వాకిటను గూడ తీసిపోవును. మాకట్లు జరిగినది.

నివసింప పోవువారికి మరి నాలుగు సంగతులు. చేరినవెంటనే జనసంఖ్యా కార్యాలయమున పేరు నమోదు చేయించుకొని, 'నివాస కున్త'ను పొందవలెను. తక్కినవన్నియు దానిపై ఆధారపడును. వైద్య సేవలు 2023 జనవరి 1నుండి కున్తలనుండి ప్రాంతీయ సంస్థలకు మారినవి. క్రొత్తవారిని సమాజమున ఇముడ్చు బాధ్యత 2025 ఆరంభమునుండి మిక్కిలిగా కున్తలపైననే పెట్టబడినది. భాషా తరగతులకై అచ్చటనే విచారింపవలెను. రెండేండ్లు ఎడతెగక ఫిన్లాండులో నివాస కున్త కలిగియున్న విదేశీయునికి సయితము కున్త ఎన్నికలలో ఓటు కలదు. 7,000 మంది సీమలో ఒక్క ఓటు చిన్నది కాదు. ఫిన్నిషు నేర్చుకొనుడు, అది లేక పని జరుగదు. దానితో పాటు మీరున్న నేల భాషలో పలుకరించుటకు ఒక్క మాటయైన నేర్చుకొనుడు. మొదటిది మీ అవసరము, రెండవది మీ మర్యాద.

సామీలకును మనకును గల భేదమును మరువరాదు. వారు ఆ నేలకు ఆదివాసులు. వారి భాష అచ్చట చచ్చినచో లోకమున చచ్చినట్లే. మన భాష మాటలాడువారు 2011 లెక్కల ప్రకారము మన దేశముననే 8 కోట్లకు పైబడియున్నారు. తెలుగునకు చావు భయము లేదు. కాని తెలుగు ఒక ఇంటిలో చచ్చుటకు ఈ ఎనిమిది కోట్లు అడ్డుపడజాలవు. రాజధానులలో సభలు జరుగుచునే యుండును, గ్రంథములు అచ్చగుచునే యుండును. మన వంటయింటిలో మాత్రము ఒకనాడు అది నిలిచిపోవును. తంజావూరు, బరంపురము, షోలాపురము, బళ్లారి సీమలలో తరతరములుగా దానిని నిలిపినది ప్రభుత్వము కాదు. బడి కూడ పలుచోట్ల కాదు. పొయ్యి ముందర కూర్చుండి కథ చెప్పిన అవ్వలు.

ఇనారివారు మనకు చూపిన దొక్కటి. మన సంఘములు ఏటేట ఉగాదికి పద్యములు చదివించును, పెద్దలను సన్మానించును, అది మంచిదే. కాని మూడేండ్ల బిడ్డకు దినమున కొన్ని గంటలు తెలుగు తప్ప మరొకటి వినబడని గది యొకటి మన సంఘ భవనములలో ఎన్నిట కలదు? దానికి కావలసినది పెద్ద ధనము కాదు. తీరిక గల ఇద్దరు అవ్వలు, ఒక చాప, కొన్ని బొమ్మలు, విసుగులేని ఓర్పు. మూడు నాలుగు వందలమంది చేయగలిగిన పని మనకు చేతకాదని చెప్పుటకు మనకు ముఖము చాలదు.

మేము హోసూరు చేరిన పిమ్మట దినమున కొకమారు దూరదర్శక ఫోనులో మనుమరాలికి కథ చెప్పుచున్నాము. అది ఫిన్నిషులో ప్రశ్నించును. మేము తెలుగులో బదులు చెప్పుదుము. మాకు ఫిన్నిషు రాదు, దానికి తెలుగు చాలదు. ఐనను కథ నిలువలేదు. మొన్న నక్క కథలో నక్క ఎక్కడికి పోయినదని మేము ఆగగా, 'అడవికి' అని పలికినది. ఇట్లొక మాట వచ్చినది. తక్కినవియు రాగలవు.